రెండు గడియల తేడా

స్టేషన్లో ఆ గదికి కిటికీ ఉందంటే ఉంది. తీస్తే జానెడు దూరంలో పక్క భవనం గోడ. బాటల మేస్త్రీ ఆ కిటికీ ఊచలకు ముక్కు ఆనించి నిలబడి ఉన్నాడు. తలుపు చప్పుడుకు తల తిప్పి చూశాడే గానీ అక్కణ్ణుంచి కదల్లేదు.

"కూర్చో నాయనా," అంది జిగురు.

"ఇక్కడ నిలబడితేనే ఊపిరి ఆడుతోందమ్మా."

జిగురు ఆవిడ అసలు పేరు కాదు. పోలీసు ఉద్యోగంలో ఉన్న ఇరవై ఆరేళ్లూ వెనకాల అలా అనేవాళ్లు, పట్టుకుంటే వదలదని. రిటైరై సొంతంగా కేసులు చూడటం మొదలుపెట్టాక మొహం మీదే అనేస్తున్నారు, ఆవిడా పట్టించుకోవడం మానేసింది. ఈ కేసు ఆవిడ నెత్తిన పెట్టింది మేస్త్రీ అత్తగారు. తెల్లారకుండానే వచ్చి గుమ్మంలో కూర్చుంది. తన అల్లుడు ఉత్త మొద్దేగానీ మనిషిని చంపే రకం కాదని, అతన్ని తిట్టే హక్కు తనకుంది గానీ పోలీసులకెక్కడిదని ఆవిడ వాదన. అల్లుడి తరఫున అత్త వకాల్తా పుచ్చుకున్న కేసు జిగురు ఇంతవరకూ చూడలేదు. ఆ ఒక్క కారణానికే ఒప్పుకుంది.

గోడ గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది. మేస్త్రీ ఆగి ఆగి చెప్పినదాంట్లోంచి ఆవిడ ఒక వరస కట్టుకుంది. కొండ శిఖరం నుంచి సముద్రం దాకా సైకిళ్లు దూసుకుంటూ దిగే బాట ఒకటుంది. పాతికేళ్లుగా దాన్ని తవ్వేదీ, మలుపులకు గట్లు పోసేదీ, సైకిలు గాల్లోకి లేచే ఎగురుదిబ్బలు కట్టేదీ ఈయనే. నిన్న పొద్దున ప్రాక్టీసు పరుగులో ఆ బాట మీద అందరికన్నా వేగంగా దిగే కుర్రాడు, గాలిపటం అని పేరుపడ్డవాడు, కింది ఎగురుదిబ్బ దగ్గర పడి చచ్చిపోయాడు. దిబ్బ మొహం చక్రం కింద విచ్చుకుపోయింది. మొన్న సాయంత్రం ఐదింటిదాకా ఆ చుట్టుపక్కల పార పట్టుకుని ఉన్నది మేస్త్రీ ఒక్కడే.

"పోయిన వారం వాడి కాళ్లు విరగ్గొడతానన్నావట, అందరి ముందూ?"

"అన్నానమ్మా. వాన వెలిసిన గంటకే బాట తొక్కాడు. తడి బాట తొక్కితే చక్రాలు గాడి పెడతాయి, ఆరాక నెలరోజుల పని. చెప్పి చెప్పి నోరు పడిపోయింది. కాళ్లు విరగ్గొడతానన్నాను, కానీ వాడు దిగుతుంటే చూడ్డానికి పని ఆపుకునేవాణ్ణి కూడా." "నేను కట్టిన దిబ్బ అలా విచ్చుకోదు. ఎర్రమట్టి తడిపి, పార వీపుతో కొట్టి కొట్టి కడతాను. సముద్రపు ఇసుక కలిపితేనే అలా అవుతుంది. ఉప్పు ఆరాక మట్టి అతుక్కోదు, పేలాలు విచ్చుకున్నట్టు విచ్చుకుంటుంది. మా పనిలో మొదటి రోజు నేర్చుకునే పాఠం అదే."

ఈ మాట ఆవిడ గట్టిగా గుర్తుపెట్టుకుంది. లేచి వెళ్లబోతుంటే మేస్త్రీ మొదటిసారి కిటికీ వదిలి రెండడుగులు ముందుకు వేశాడు.

"ఇన్‌స్పెక్టరుగారు ఒక కాయితం చూపించారమ్మా. సంతకం పెడితే వరండాలో కూర్చోనిస్తానన్నారు. పుట్టి బుద్ధెరిగాక తలుపు మూసిన గదిలో పడుకోలేదు నేను. రాత్రంతా గోడలు మీదికొస్తున్నట్టే ఉంది."

"పెట్టకు. పెట్టావంటే ఒంటిగంటకి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ తర్వాత నీకు దొరికేవన్నీ ఇలాంటి గదులే."

"తెలుసు. పన్నెండుదాకా పళ్లబిగువున ఉంటాను. ఆ తర్వాత నా వల్ల కాదు."

ఆ మాటలో బేరం లేదు, బెదిరింపు లేదు. తన బలం ఎంతవరకో కొలిచి చెప్పాడంతే. ఆవిడకు భయం వేసింది.

స్టేషను నుంచి నేరుగా సైకిలు క్లబ్బు ఆఫీసుకు వెళ్లింది. శవాన్ని మొదట చూసింది టైమ్ మాస్టారు. ఒకప్పుడు డ్రిల్లు మాస్టారు, ఇప్పుడు క్లబ్బు పోటీల్లో టైము కట్టే మనిషి. బల్ల మీద పెన్సిళ్లు పొడుగు వరసన పేర్చి ఉన్నాయి. ఏది అడిగినా ఆయన తడుముకోలేదు. నిన్నటి ప్రాక్టీసు తానే పెట్టించాడు. బాట మొదట్లో ఉన్న మిషను గాలిపటం బయల్దేరిన టైము పది యాభైగా నమోదు చేసింది. తాను బాట చివర, సముద్రపు ఒడ్డున, జెండా పక్కనున్న డ్రమ్ము మీద కూర్చుని ఉన్నాడు. ఆరు నిమిషాల్లో రావలసినవాడు పది యాభై ఎనిమిదికి కూడా రాలేదు. ఒడ్డు మీది నున్నటి బండకి వేలాడే తాడు పట్టుకుని ఎక్కి, బాట వెంబడి పైకి నడిచి, పదకొండూ ఇరవైకి శవాన్ని చూశాడు. ఫోను అందేది కొండ మీదే గనక, పోలీసులకు చెప్పేసరికి పదకొండూ నలభై. ఆవిడ లెక్క వేసి చూసుకుంది. ఎక్కడా అతుకు కనిపించలేదు. దిబ్బ చూడాలంటే తానే తీసుకెళ్తానని ఆయన టోపీ పెట్టుకున్నాడు.

దిబ్బ దగ్గరికి చేరేసరికి పదిన్నర. ఇన్‌స్పెక్టరు ముందే వచ్చి ఫొటోలు తీయిస్తున్నాడు. ఒకప్పుడు ఆవిడ కింద పనిచేసినవాడే. పంచనామా రాయడం ఎలాగో ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు, ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పడు.

ఆవిడ పలకరింపులు పెట్టుకోకుండా మోకాళ్ల మీద కూర్చుంది. మోకాళ్లు తిట్టాయి. దిబ్బ కుడివైపు చక్రం దిగబడ్డ చోట గుంట పడి, మట్టి కిందికి జారిపోయి ఉంది. ఎడమవైపు చెక్కుచెదరలేదు. పైన వేలెడు మందాన ఎర్రమట్టి పూత, దాని కింద బూడిదరంగు ఇసుక. అంచుల వెంట తెల్లటి పొర. ఆవిడ వేలితో గీరి నాలిక మీద పెట్టుకుంది. తర్వాత పది గజాల పైనున్న మలుపు గట్టు దగ్గరికి వెళ్లి అక్కడి మట్టి కూడా రుచి చూసింది.

ఏముంది మేడమ్, మధ్యాహ్నం భోజనానికి సరిపోతుందా అన్నాడు ఇన్‌స్పెక్టరు. కానిస్టేబుళ్లు నవ్వారు.

"ఈ దిబ్బ ఉప్పగా ఉంది. ఆ గట్టు చప్పగా ఉంది," అంది జిగురు.

"కింద సముద్రం పెట్టుకుని ఉప్పేమిటంటే ఎలా? గాలికి మా జీపు కూడా ఉప్పెక్కుతుంది. దాన్నీ అరెస్టు చేయమంటారా?"

"గాలి పది గజాల దూరంలో ఉన్న గట్టుని వదిలేసి ఈ దిబ్బనే వెతుక్కుంటూ వచ్చిందా? ఎవరో ఒడ్డునుంచి ఇసుక మోసుకొచ్చి లోపల నింపి, పైన మట్టి పూశారు. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాల్సిందే, కాదనను. నువ్వేమో తిన్నదెవరో చూడకుండా దొరికినవాడికి నీళ్లు పట్టిస్తున్నావు."

ఇన్‌స్పెక్టరు నవ్వు ఆపాడు. కోపం వస్తుందనుకుంది ఆవిడ. కోపం రాలేదు, తీరుబడిగా టోపీ సర్దుకున్నాడు.

"సరే, ఇసుకే. సముద్రపు ఇసుక కలిపితే దిబ్బ విచ్చుకుంటుందని మీకెవరు చెప్పారు మేడమ్?"

ఆవిడ చేతుల మట్టి దులుపుకుంది.

"మేస్త్రీయే కదా. అంటే విచ్చుకుంటుందని తెలిసినవాడే కలిపాడు. నాకు ఇంతవరకూ ఆ ఒక్క ముక్కే దొరకలేదు, మీరు పళ్లెంలో పెట్టి ఇచ్చారు." గడియారం చూసుకున్నాడు. "పన్నెండుకి సంతకం, ఒంటిగంటకి కోర్టు. మీ వాడికి తాడు పేనింది మీరే, గుర్తుంచుకోండి."

అతను పైనున్న జీపు వైపు ఎక్కిపోతుంటే ఆవిడ అక్కడే నిలబడిపోయింది. గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించినట్టుందని పైకి గొణుక్కుంది గానీ, దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. గదిలోంచి బయటికి లాగుదామని వెళ్లిన మనిషి మీద తానే తలుపు వేసి వచ్చినట్టయింది. ఇసుక ఎవరు మోశారో తేల్చాలి, లేకపోతే ఈ ఉప్పు మేస్త్రీ ఖాతాలోనే పడుతుంది.

"ఇసుక తేవాలంటే కింది ఒడ్డే," అన్నాడు టైమ్ మాస్టారు మెల్లిగా. "ఇంకెక్కడా దిగడానికి లేదు. చూస్తారా?"

దారి పొడుగునా ఆయనే మాట్లాడాడు. ఇరవై ఏళ్ల కిందట ఈ బాట మీద ఆయన పెట్టిన రికార్డు ఆరు నిమిషాల పదకొండు సెకన్లు. బాట మొదట్లో బండ మీద రంగుతో రాసి ఉంటుంది, ఏటా ఆయనే రంగు దిద్దుకుంటాడు. బళ్లో ఎన్ని వేలమందికి కవాతు నేర్పాడో ఎవరికీ గుర్తులేదు గానీ, ఊళ్లో ఎవర్ని అడిగినా ఆ అంకె చెబుతారట. గాలిపటం ఎంతలో దిగేవాడని ఆవిడ అడిగింది. పోయిన ఆదివారం ఆరూ పదమూడు, అన్నాడు.

బాట చివర జారుడు బండ ఉంది. రెండు నిలువుల ఎత్తు, అద్దంలా నున్నగా ఉంటుంది. సైకిలు మీద జారిపోవచ్చు గానీ తాడు లేకుండా ఎవరూ ఎక్కలేరు. మేస్త్రీ దీన్ని దిగడానికే కట్టాడు, వెనక్కి తిరిగే ఏర్పాటు ఎక్కడా పెట్టలేదు. కింద చిన్న ఒడ్డు, మూడు వైపులా నిట్టనిలువు కొండ. ఎడమ మూల తిరిగి ఒడ్డు వెంట పది నిమిషాలు నడిస్తే రోడ్డు వస్తుందని మాస్టారు చెప్పాడు. తనకు నడుము నొప్పి గనక పైనే ఉంటానన్నాడు. ఆవిడ పైన చెట్టుకు కట్టిన తాడు పట్టుకుని, బండ మీద సగం కూర్చుని సగం జారి, కిందికి చేరింది. పదకొండూ పది అయింది.

ఇసుక తవ్విన గుంట వెంటనే దొరికింది, బండ మొదట్లోనే, సగం పూడిపోయి. పక్కనే చినిగిన గోనెసంచి పీలిక ఒకటి రాయికి చిక్కుకుని ఉంది. దాన్ని కొంగున ముడేసుకుని ఎడమ మూల వైపు నడిచింది. అక్కడ నడవడానికి ఒడ్డు లేదు. మోకాలి లోతు నీళ్లు, అడుగు ముందుకేస్తే తొడల దాకా. అల వచ్చి కొండకు కొట్టుకుని ఆవిడ మొహం మీద చిమ్మింది. ఈ దారి లేదనుకుని వెనక్కి తిరిగింది. జెండా కర్ర చుట్టూ నీళ్లు తిరుగుతున్నాయి. దాని పక్కన రాళ్లు నింపిన ఇనప డ్రమ్ము సగం మునిగి ఉంది. ఇందాక దిగినప్పుడు పూర్తిగా బయటే ఉంది.

ఫోను చూసుకుంది. అందడం లేదు. పదకొండూ ముప్పై.

బండ కిందికి వచ్చి తాడు కోసం చెయ్యి చాపింది. తాడు లేదు. తలెత్తి చూస్తే మాస్టారు పైన కూర్చుని తాడుని మోచేతికి చుట్టలుగా చుట్టుకుంటున్నాడు. వస్తువు ఎక్కడ కనిపించినా సర్దిపెట్టే మనిషి చేసే పనే గనక, ఆవిడకు మొదట అనుమానం రాలేదు.

"మాస్టారూ, తాడు వదలండి. మూల దగ్గర నీళ్లు వచ్చేశాయి."

"వదుల్తాను మేడమ్. మీ పని అయిపోయిందా? నిదానంగా చూసుకోండి."

నీళ్లు ఆవిడ పాదాల్ని తాకాయి. అప్పుడు చూసింది బండ మీద పచ్చటి పాకుడు గీత. పోటు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు ఎంతవరకు ఎక్కుతాయో చెప్పే గీత అది. ఆవిడ తల మీద మూరెడు ఎత్తులో ఉంది.

ఆవిడ మొదటి పోస్టింగు పడవల రేవులో. అక్కడి పడవవాళ్లకు గడియారంతో పనిలేదు. పోటు రోజుకి రెండు గడియలు వెనకబడుతుందని మాత్రం అందరికీ నోటికి వచ్చు. రెండు గడియలంటే నలభై ఎనిమిది నిమిషాలు. ఇవాళ పదకొండూ నలభై ఆరుకి నీళ్లు ఎక్కడుంటాయో, నిన్న పది యాభై ఎనిమిదికి అక్కడే ఉండి ఉండాలి.

ఆవిడ ఇంకేమీ చేయకుండా డ్రమ్ముని చూస్తూ నిలబడింది. నీళ్లు చీలమండలు దాటాయి, పిక్కలు దాటాయి. పదకొండూ నలభైకి డ్రమ్ము అంచు ఒక్కటే కనిపించింది. నలభై ఐదుకి అది కూడా లేదు. జెండా కర్ర సగం నీళ్లలో ఊగుతోంది. నిన్న పది యాభై ఎనిమిదికి ఆ డ్రమ్ము మీద కూర్చున్న మనిషి నీళ్లలో కూర్చుని ఉండాలి. అంటే నిన్న మాస్టారు ఇక్కడ లేడు. దిబ్బ దగ్గరే ఉన్నాడు.

మనిషి అంత తేలిగ్గా ఎలా దొరికిపోయాడో కూడా తెలిసింది. పోటీలన్నీ నీళ్లు వెనక్కి పోయిన వేళ చూసి పెట్టేవే. ఇరవై ఏళ్లుగా ఆయన ఈ ఒడ్డుకి వచ్చిందల్లా పోటీ రోజునే, మొన్న ఇసుక తవ్వుకెళ్లింది కూడా నీళ్లు వెనక్కి పోయినప్పుడే. సెకను తేడా పట్టేసే మనిషి, డ్రమ్ము ఎప్పుడూ పొడి ఇసుక మీదే ఉంటుందనుకున్నాడు. నిన్నటి పరుగు పోటీ కాదు, తొందరపడి తానే పెట్టించిన ప్రాక్టీసు. ఇంకో రెండు సెకన్లు తగ్గిస్తే ఆ కుర్రాడు ఆయన అంకెని అందుకునేవాడు.

కేసు తేలింది. మేస్త్రీకి ఇంకా పదిహేను నిమిషాల ఓపిక ఉంది. ఆవిడ మాత్రం మూడు గోడల మధ్య, నాలుగో గోడగా లేస్తున్న నీళ్ల ముందు నిలబడి ఉంది. అతనికి ఆ గదిలో ఊపిరి ఎందుకు ఆడలేదో ఇప్పుడు తెలిసింది.

"ఏమైనా దొరికిందా మేడమ్?" పైనుంచి మాస్టారు.

"ఏముంది మాస్టారూ, ఇసుక తవ్విన గుంట. ఇన్‌స్పెక్టరు చెప్పిందే నిజం." గొంతు వణక్కుండా జాగ్రత్తపడింది. "పార పట్టిన చెయ్యే తవ్వినట్టుంది. ఆ అత్తగారికి ఏ మొహం పెట్టుకుని చెప్పాలో."

"అయ్యో పాపం," అన్నాడాయన. నిజంగా జాలిపడ్డట్టే ఉంది. మోచేతి మీంచి తాడు ఒక్కొక్క చుట్టే విప్పి వదలసాగాడు. కొస బండ మీద జారుతూ ఆవిడ తల మీదికి వచ్చింది. ఇంకో రెండు చుట్టలు వదిలితే చేతికి అందుతుంది. "నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను. నిన్న అదిగో ఆ డ్రమ్ము మీద కూర్చుని ఎంత..."

చెయ్యి చాపి చూపించాడు. చూపించిన చోట డ్రమ్ము లేదు. చెయ్యి అలాగే ఉండిపోయింది. తాడు ఆగింది.

ఆయన చాలాసేపు నీళ్లనే చూశాడు. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు, పాఠం తప్పు చెప్పిన పిల్లవాడిని అడిగినట్టు అడిగాడు.

"నిన్న ఆ టైముకి ఇక్కడ నీళ్లు ఉండి ఉంటాయా మేడమ్?"

తెలియదని చెప్పాలి. తడుముకోకుండా చెప్పాలి. ఆవిడకు పోలీసు స్టేషను కిటికీ, ఊచలకు ఆనిన ముక్కు గుర్తొచ్చాయి.

"నాకేం తెలుసు మాస్టారూ, ఈ నీళ్ల సంగతి," అంది.

"పొద్దుట్నుంచీ నేను ఏది అడిగినా మీరు ఒక సెకనులోపే జవాబు చెప్పారు," అన్నాడు టైమ్ మాస్టారు. "దీనికి నాలుగు పట్టింది."

ఆవిడ తాడు కొస కోసం ఎగిరింది, అందలేదు.

"పన్నెండు కావస్తోంది. ఈపాటికి సంతకం పెట్టించేసి ఉంటారు. తాడు అడిగారు కదా, తీసుకోండి."

తాడు వచ్చింది. ఒక కొస ఆవిడ భుజం మీద పడింది, దాని వెనకే చెట్టు నుంచి విప్పేసిన రెండో కొస కూడా గాల్లో మెలికలు తిరుగుతూ వచ్చి నీళ్లలో పడింది. పైన అడుగుల చప్పుడు, తొందరేమీ లేకుండా, ఒకే లెక్కలో దూరమైంది. గాలిపటాన్ని చంపిందెవరో లోకంలో ఇప్పుడు ఇద్దరికే తెలుసు. ఒకరు కొండ ఎక్కి వెళ్లిపోతున్నారు. రెండో మనిషికి నీళ్లు నడుము దాటాయి.